మొఘల్‌పురా కొట్టంలో పిలక జొన్న

హైదరాబాదు పాతబస్తీకి వెళ్ళొచ్చినవాళ్ళు గాజుల గురించి రాస్తారు, ముత్యాల గురించి రాస్తారు, బిర్యానీ గురించి ఎలాగూ రాస్తారు. నేను గాజులు కొనలేదు, బిర్యానీ తినలేదు. చార్మినారు పక్కనుంచి ఆటోలో పోయాను గాని తలెత్తి చూసే మనసు లేదు. నేను వెళ్ళింది ఒక దున్నపోతును చూడటానికి. దీపావళి మరునాడు అక్కడి పాడివాళ్ళు తమ దున్నపోతులకు ఒళ్ళంతా నూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, పూసల దండలు కట్టి, డప్పులతో ఊరేగిస్తారు. దాన్ని సదర్ అంటారు. మా నంద్యాల వైపు అలాంటి పండగ లేదు. మా వైపు దున్నపోతు అంటే పనీపాటా లేని మగవాడికి పెట్టే పేరు.

పిలిచింది అరుణ. డిగ్రీలో వృక్షశాస్త్రం క్లాసులో నా పక్కన కూర్చున్న మనిషి. ఆ చదువుతోనే నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ ముసలిదాన్నయ్యాను. ఆమె మొఘల్‌పురాలో పాలమ్మే ఇంటికి కోడలైంది. ఏటా పిలుస్తుంది, ఏటా నేను ఏదో ఒక సాకు చెబుతాను. ఈసారి ఫోన్లో గొంతు వేరేగా ఉంది. "గిప్పుడు రాకుంటే ఇగ ఎన్నడు సూడవు సరోజా. ఈ సదర్ అయినంక బాపు కొట్టం ఎత్తేస్తడట" అంది. బాపు అంటే ఆమె మామ మల్లయ్య. కొట్టం అంటే బర్రెలను కట్టేసే పాక. బయలుదేరాను.

కాచిగూడ దాకా

కర్నూలులో రైలెక్కితే గద్వాలలో ఒకామె ఎక్కి నా ఎదుట కూర్చుంది. ఒళ్ళో తడిగుడ్డ పరిచి జాజిపూలు కట్టడం మొదలుపెట్టింది. మధ్యమధ్య ఆగి మోకాళ్ళకు నొప్పుల మందు రాసుకుంటోంది. పెట్టెంతా సగం పెళ్ళిపందిరి, సగం ఆసుపత్రి వాసన.

ఏం పని చేస్తావని అడిగింది. మొక్కల పాఠాలు చెబుతానన్నాను. అంటే ఏం చెబుతావని మళ్ళీ అడిగింది. నోరు ఊరుకోదు కదా, చెప్పాను. పురుగు ఆకును కొరికితే చెట్టు ఊరికే నిలబడి తినిపించుకోదు. కొరికిన చోటు నుంచి ఒక వాసన గాలిలోకి వదులుతుంది. అది పక్క కొమ్మకు, పక్క చెట్టుకు అందుతుంది. అవి పురుగు తమదాకా రాకముందే ఆకుల్లో చేదు నింపుకుంటాయి. కొన్ని మొక్కలైతే ఆ పురుగును తినే కందిరీగను కూడా వాసనతోనే పిలుస్తాయి. మా వైపు పొగాకుకు తెగులు తగిలితే ఆ ఆకు వదిలే సరుకు, ఆమె మోకాళ్ళకు పూసుకున్న మందులో ఘాటుగా వాసనకొట్టేదీ ఒకటే. ఆమె ఒళ్ళోని జాజుల పరిమళంలోనూ అలాంటి కబురొకటి ఉంది. మనం దాన్ని తల్లో పెట్టుకుంటాం.

ఆమె దారం పళ్ళతో తెంపి, "మా ఆడబిడ్డ గూడ గంతే, జరంత గిల్లితె వాడంత చెప్తది" అంది. పెట్టెలో అందరూ నవ్వారు. ఇన్నేళ్ళ నా పాఠాలకు అంత నవ్వు ఎప్పుడూ రాలేదు.

మహబూబ్‌నగర్ దాటాక కిటికీలోంచి చూస్తే పొలాలు దిగులుగా ఉన్నాయి. వానలు మొదట్లో దంచికొట్టి, తర్వాత మొహం చాటేశాయట. కోసేసిన జొన్నచేలల్లో మోళ్ళ నుంచి పిలకలు లేచి, నీళ్ళు లేక మోకాలెత్తులోనే ఆగిపోయాయి. ముదురు పచ్చగా, బిగుసుకుపోయి ఉన్నాయి. చూశాను, జాలిపడ్డాను, తెచ్చుకున్న వేరుశనగలు తిన్నాను.

దబీర్‌పురా

కాచిగూడలో దిగి, అయిదు రూపాయల టికెట్టుతో లోకల్ రైలెక్కి దబీర్‌పురాలో దిగాను. దిగీదిగగానే చెప్పు తెగింది. ఒక కాలికి చెప్పుతో, ఒక చేతిలో చెప్పుతో స్టేషను బయటికొచ్చిన ఆడమనిషిని చూసి ఆటోవాళ్ళు రేటు పెంచకుండా ఉంటారా? మొఘల్‌పురాకు నూట యాభై అన్నాడొకతను. మా ఊళ్ళో ఆ డబ్బుతో పక్క మండలానికి పోవచ్చని గొణిగాను.

ఎవరింటికని అడిగాడు. మల్లయ్య అంటే తెలియలేదు. పాల మల్లయ్య అన్నా తెలియలేదు. దున్నపోతు ఉన్న ఇల్లు అనగానే మొహం విప్పారింది. "నవాబు ఇంటికా? గట్ల చెప్పాలె గదమ్మా. కూసో, ఎనభై ఇయ్యి" అన్నాడు. దారి పొడుగునా నవాబు సంగతులే. పోయినేడు సదర్‌లో ముందుకాళ్ళెత్తి నిలబడితే మేడల మీద జనం ఈలలేశారట. హర్యానా నుంచి లక్షలు పోసి తెచ్చినవాటి పక్కన, ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినది ఇదొక్కటేనట. ఈసారి తన పిల్లలను కూడా తీసుకొస్తానన్నాడు.

మొఘల్‌పురా

సందు చివర ఇనుప గేటు, గేటు లోపల ఇల్లు, ఇంటి వెనక కొట్టం. తొమ్మిది బర్రెలు వరసగా ఉన్నాయి. చివర, వేరే గుంజకు, నవాబు. పశువును చూసి అందం అనే మాట వాడతానని నేను అనుకోలేదు. వీపు మీద వెలుగు జారిపోతోంది. అంత మనిషి మల్లయ్య దాని పక్కన నిలబడితే చిన్నపిల్లవాడిలా కనిపించాడు.

తల్లి చస్తే దీన్ని సీసాతో పాలు తాపి పెంచాడట. కొట్టం చుట్టూ మేడలు లేచాయి, వాసన అంటూ గొడవలు, మేత ధర, మనుషులు దొరకరు. కొడుకు నర్సింగ్‌కు, అంటే అరుణ భర్తకు, ఈ పని మీద మనసు లేదు. చివరిసారిగా నవాబును సదర్‌లో నిలబెట్టి, ఆ తర్వాత బర్రెలను అమ్మేసి, దీన్నొక్కదాన్నే ఉంచుకుంటానన్నాడు. "ఇది నా ఎన్క ఉండాలె, నేను దీని ఎన్క గాదు" అన్నాడు నాతో, దాని మెడ నిమురుతూ.

మధ్యాహ్నం అరుణ నాన్ రొట్టె మీద వేలెడు మందం మీగడ వేసి, పైన పంచదార చల్లి పెట్టింది. మా ఇళ్ళల్లో మీగడ అంటే చిలికి వెన్న తీసేదే గాని ఇలా పలకగా తినేది కాదు. ఆ మీగడ చుట్టుపక్కల నాన్ దుకాణాలకు తెల్లవారేసరికి పోతుంది. అన్నంలోకి పచ్చిపులుసు, మటన్ కూర. కడుపు పగిలేట్టు తిన్నాను. ఈ ప్రయాణంలో నాకు తీపిగా గుర్తున్నది ఆ పూట ఒక్కటే.

సంతోష్‌నగర్

దీపావళి పొద్దున అరుణతో కలిసి పూసలు, గజ్జెలు, పచ్చిమేత తేవడానికి సంతోష్‌నగర్ వెళ్ళాను. నవాబుకు ముందురోజు నుంచి మేత తగ్గిస్తారు. కడుపు తేలికైతే ముందుకాళ్ళు బాగా ఎత్తుతుందని. సదర్ పొద్దున స్నానం చేయించాక ఇంటిల్లిపాదీ ఒక్కొక్క పిడికెడు లేత మేత తినిపించి, ఆ తర్వాత మోపు ముందు వేస్తారు. ఇది వాళ్ళ ఇంటి ఆనవాయితీ. అందుకే మల్లయ్య ప్రత్యేకంగా చెప్పి పంపాడు, మేత ఎంత లేతదైతే అంత మంచిదని.

మేత అమ్మే అతని దగ్గర రెండు రకాలున్నాయి. నిలువెత్తు జొన్న, కంకి వేసింది. మోకాలెత్తు జొన్న, ముదురు పచ్చది. అరుణ చెయ్యి రెండోదాని మీద పడింది. నేను ఒక పరక తీసి నలిపి చూశాను. కోసిన మోడు నుంచి లేచిన పిలక అని అడుగు చూస్తేనే తెలుస్తోంది. మహేశ్వరం వైపు నుంచి వచ్చిందన్నాడు. కోసినాక వాన పడిందా అని అడిగాను.

"బారిష్ కహాఁ అమ్మా? నీళ్ళు లేకనే గింత పొట్టిగుంది. ఏకదం నరమ్ మాల్, ముసలి బర్రె గూడ నమిలి మింగుతది" అన్నాడు.

మా జొన్నల సీమలో పశువులు కాసే పిల్లలకు అక్షరాలకంటే ముందు నేర్పే సంగతి ఇది. కంకి వేయని జొన్నలో, అందులోనూ ఎండకు బిగుసుకున్న పిలక జొన్నలో పశువును వదలకూడదు. నాము, అంటే ఆ లేత పైరులోని విషం, తగులుతుంది. జొన్న తనను తాను కాపాడుకునే తీరు అది. ఆకులో ఒక అరలో విషాన్ని చక్కెరతో కట్టి దాచుకుంటుంది, పక్క అరలో ఆ కట్టు విప్పే సరుకు పెట్టుకుంటుంది. పంటి కింద నలిగితే రెండూ కలుస్తాయి. ఎదిగే కొద్దీ ఆ విషం పలచబడుతుంది. కానీ కొడవలి కోసి, ఎండ కాల్చి, పురుగు కొరికిన మొక్క ఇంకా భయపడి, ఒంట్లో తిరిగే ఆ హెచ్చరికలు అందుకుని మరింత విషం నింపుకుంటుంది. ఖాళీ కడుపుతో ఆబగా తిన్న పశువు అరగంట నిలవదు.

ఇదంతా అరుణకు అక్కడే చెప్పాను. విన్నది. కాని మామ లేతది తెమ్మన్నాడు, లేతదే తీసుకుంది. ఒక మోపు నవాబుకు, మూడు మోపులు సదర్ సాయంత్రం బర్రెలకు. ఆటో వెనక మోపుల మీద మోచెయ్యి ఆనించి ఇంటిదాకా గజ్జెలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

మళ్ళీ కొట్టం

ఆమె మామకు చెప్పదని అర్థమై నేనే చెప్పాను. కొట్టంలో, నవాబు ఎదుటే, వాడకట్టు మనుషులు నలుగురుండగా. "మామా, ఇది నీళ్ళు లేని పిలక జొన్న. పస్తున్న పోతుకు పెడితే నాము తగిలి చస్తుంది" అన్నాను.

మల్లయ్య పక్కకు తిరిగి మూడుసార్లు ఉమ్మి, నవాబు నుదుటి మీద అరచెయ్యి పెట్టాడు. నర్సింగ్, "ఏంది మేడం, సదర్ ముంగట గసొంటి మాటనా?" అని కళ్ళెర్రజేశాడు. మల్లయ్య కొడుకును ఆపి నాతో మెల్లగా అన్నాడు.

"ఇంటికొచ్చిన ఆడబిడ్డవు. గా మాట ఈడ మళ్ళ అనకు బిడ్డా."

నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి అరుణ చెప్పింది. సదర్ నుంచి పోతు తిరిగి గుంజ దగ్గరికి వచ్చేదాకా కొట్టంలో చావు, రోగం, విషం అనే మాటలు ఎవరూ నోట రానివ్వరు. బర్రెకు జబ్బు చేస్తే అలిగింది అంటారు. దూడ చస్తే మామ ఇంటికి పోయింది అంటారు. కొత్తవాళ్ళు పోతును మెచ్చుకున్నా దిష్టే, ఇక చస్తుంది అంటే చెప్పేదేముంది. మరి ముందే చెప్పొద్దా అని నాకు ఒళ్ళు మండింది. ఈ మేత అలిగింది మామా అని ఉంటే వినేవాడేమో. ఆ భాష నాకెవరు నేర్పారు?

"పాఠం నాకు గూడ యాదికుంది సరోజా" అంది అరుణ. "నేను ఎదురుంగ చెప్తె ఇనరు. రేపు పొద్దుగాల ఆ మోపు నేనే పక్కకు వెట్టి, పెద్ద జొన్న దెస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

నమ్మాను. దీపాలు పెట్టాం, కాకరపువ్వొత్తులు కాల్చాం.

సదర్ పొద్దున

నవాబుకు పసుపునీళ్ళతో స్నానమైంది. ఆవనూనె పట్టించారు. ఆకలికి అది గుంజ చుట్టూ తిరుగుతూ గిట్టతో నేల తవ్వుతోంది. సందంతా జనం, గేటు దగ్గర డప్పులు. అరుణ మోపును బొగ్గుల గది వెనక దాచిందని నాకు తెలుసు, నా కళ్ళతో చూశాను. పెద్ద జొన్న మాత్రం రాలేదు. పండగపూట మేతవాడు దుకాణం తెరవలేదట.

మల్లయ్య చేతులు కడుక్కుని వచ్చి, మేత ఏదని అడిగాడు. మళ్ళీ అడిగాడు. నర్సింగ్ భార్య వైపు చూశాడు. వాడకట్టంతా ఆమె వైపు చూసింది. అరుణ లోపలికి పోయి మోపు తెచ్చి మామ కాళ్ళ దగ్గర పెట్టింది.

మొదటి పిడికెడు మల్లయ్య తినిపించాడు. రెండోది నర్సింగ్. మూడోది అరుణ. ఆమె చేతిని నవాబు నాలుకతో చుట్టి లాక్కుంది. నా చేతిలో కూడా పిడికెడు పెట్టారు. నేను దాన్ని కింద పడేసి చేతులు వెనక్కి కట్టుకున్నాను. పెట్టనన్నాను. ఎవరూ నన్ను తిట్టలేదు. చూశారు, అంతే. మిగిలిన మోపంతా దాని ముందు వేశారు. ఆబగా తినేసింది.

కొమ్ములకు కుచ్చులు కడుతుండగానే దాని తొడలు వణకడం మొదలైంది. రొప్పింది. నోట నురగ వచ్చింది. ముందుకాళ్ళు మడిచి కూలబడి, లేవబోయి, పక్కకు ఒరిగింది. బెల్లం నీళ్ళు తాగించండని నేను అరిచాను, తాగించబోయారు, గుటక పడలేదు. నర్సింగ్ పశువుల డాక్టరుకు ఫోన్ మీద ఫోన్ చేశాడు. ఎత్తిన డాక్టరు ఊళ్ళో లేడు, ఊళ్ళో ఉన్న డాక్టరు ఎత్తలేదు. గేటు బయట సంగతి తెలియనివాళ్ళు ఇంకా డప్పులు కొడుతూనే ఉన్నారు. వాళ్ళు ఆపేసరికి నవాబు పోయింది.

మల్లయ్య దాని మెడ మీద చెంప ఆనించి కూర్చున్నాడు. ఏడవలేదు. తలెత్తకుండానే, "నిన్న గామె నోట్లకెల్లి వచ్చిన మాట తగిలింది" అన్నాడు.

నేను అరుణ వైపు చూశాను. ఆమెకు తెలుసు. పాఠం తెలుసు, నీళ్ళు లేని పొలమని తెలుసు, మేతవాడి మాట తెలుసు. ఒక్కమాట అంటే చాలు.

"అవు బాపు" అంది అరుణ. "దిష్టే."

తిరుగుదారి

బ్యాగు సర్దుకోవడానికి ఎంతసేపు పడుతుంది? నన్ను పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. బొంగురు గొంతుతో నర్సింగ్ ఎవరికో ఫోన్లో, పూడ్చడానికి జేసీబీ కావాలని చెబుతున్నాడు. నేను వీధిలోకొస్తుంటే ఆడవాళ్ళు పిల్లలను కొంగుల వెనక్కి లాక్కున్నారు. పాతికేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని. ఆ అవమానం ఇవాళ్టికీ ఒంట్లోంచి పోలేదు.

గేటు దాటాక వెనక నుంచి అరుణ గొంతు వినిపించి ఆగాను. నన్ను పిలుస్తోందనుకున్నాను. పిలవడం లేదు. బర్రెల కోసం తెచ్చిన మూడు మోపులను కొట్టంలోంచి ఒక్కతే వాకిట్లోకి ఈడ్చుకొస్తోంది. మల్లయ్య ఏమిటని అడిగాడు.

"ఆమె కండ్లు వడ్డ మేత బాపు. ఆమె చెయ్యి గూడ తగిలింది. ఇండ్ల ఒక్క పరక బర్రెల నోట్ల వడొద్దు" అంది గట్టిగా, వీధికంతా వినపడేట్టు.

ఆయన తలూపాడు. నేను చెబితే వినని మనిషి, ఆ మాటకు ఒక్క ప్రశ్న వేయలేదు. అరుణ ఎండుగడ్డి కింద వేసి, మోపులు పైన పేర్చి, ఉప్పూ ఎండుమిరపకాయలూ మూడుసార్లు కొట్టం వైపు తిప్పి దానిమీద పడేసి, డీజిల్ పోసి నిప్పుపెట్టింది. పచ్చిగడ్డి పొగ సందంతా కమ్మింది. మిరపకాయలు కాలితే ఘాటు రావాలి, దిష్టి ఉంటే రాదు అంటారు. అంత పొగలో, అంత డీజిల్ కంపులో, పిడికెడు మిరపకాయల ఘాటు ఎవరికి తెలుస్తుంది? "సూస్తివా, జరంత గూడ కోరు రాలే" అని ఒక ముసలామె నా పక్కనే ఇంకొకామెతో అంది. నేనెవరో ఆమెకు తెలియదు.

తొమ్మిది బర్రెలు బతికాయి. సాయంత్రం ఆ మేత తిని ఉంటే గుంజల దగ్గర వరసగా పడి ఉండేవి. వాటిని కాపాడటానికి ఆ ఇంట్లో చెల్లే మాట ఒకటే ఉంది, అరుణ ఆ మాటే వాడింది. తెలివైన పని. రైల్లో కూర్చుని కోపం కాస్త దిగాక నాకే ఒప్పుకోవాలనిపించింది. కాని గేటు దగ్గర ఆమె నా పక్కనుంచే, రాలిన పరకలు ఊడ్చే చీపురు కోసం వెళ్ళింది. ఒక్కసారి నా చెవిలో చెప్పి ఉంటే, ఆ దిష్టి నాదేనని నేనే గట్టిగా ఒప్పుకుని పోయేదాన్ని. చెప్పలేదు.